మాదిరి నేర్పడానికి తొర్రూరు అవతలికి పోయిన సంగతి

పోయి వచ్చి ఇరవై రోజులైంది. రాయమని మా పాస్టరుగారి భార్య మూడుసార్లు అడిగింది. నేను నాలుగో తరగతి దాకా మిషన్ బడిలో చదివినదాన్ని. ఉత్తరం రాయగలను, సరుకుల చిట్టీ రాయగలను. ఇంత పొడుగు ఎన్నడూ రాయలేదు. పైగా ఇది మెప్పు కోసం రాసేది కాదు. నేను చేసిన తప్పు ఒకటి దీని నడుమన ఉంది. దాన్ని తీసేస్తే తిండీ, ఎండా, బస్సూ మాత్రమే మిగులుతాయి. అందుకని తీయకుండా రాస్తున్నాను.

వరంగల్లో మా సంఘానికి మాదిరి సంఘం అని పేరు. ఆ పేరు మేం పెట్టుకున్నదే. రాతి గుడి, పెద్ద గంట, వరసగా బెంచీలు. టైముకు మొదలవుతుంది, టైముకు అయిపోతుంది. స్త్రీల సమాజంలో నలభై మందిమి ఉన్నాం. పిడికెడు బియ్యం అలవాటు మా దగ్గర చాలా గట్టిది. తెలియనివాళ్ళకు చెప్తాను. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇంటి ఆడది ఒక పిడికెడు తీసి దేవుడి పేరు మీద పక్కన పెడుతుంది. ఆదివారం నాడు వాటిని సంచిలో తెచ్చి వేదిక ముందున్న ఇత్తడి గంగాళంలో పోస్తుంది. పన్నెండేళ్ళుగా ఆ గంగాళం పక్కన నిలబడేది నేనే.

ఈ పద్ధతి పల్లె సంఘాలకు నేర్పి రమ్మని ఏటా ఒకరిని పంపిస్తారు. ఈ ఏడు నా వంతు వచ్చింది. తొర్రూరు అవతల ఒక చిన్న ఊరు. "మాదిరి అంటే ఏమిటో వాళ్ళకు చూపించి రండి పెద్దమ్మా" అన్నారు పాస్టరుగారు. చూపిస్తానన్నాను.

వరంగల్ బస్టాండు

శనివారం పొద్దున ఏడింటికే బస్టాండుకు చేరాను. గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకున్నాను. గుడ్డ సంచిలో బైబిలు, పాటల పుస్తకం, ఒక జత బట్టలు, రెండు జొన్న రొట్టెలు, ఎల్లిగడ్డ కారం. ఇంకా పాతిక చిన్న సంచులు. పిడికెడు బియ్యం పోసుకోవడానికి ఆ ఊరి ఆడవాళ్ళకు తలా ఒకటి ఇద్దామని పాత లంగాల గుడ్డతో నేనే కుట్టాను. కొత్త గుడ్డ కొంటే దండగ. పాతది అయితే దారం ఖర్చే.

అరటిపళ్ళ బండివాడు డజను రెండున్నర అన్నాడు.

"పోయిన నెల రెండు రూపాయలే కదరా?"

"పోయిన నెల గెల పోయిన నెలనే అయిపోయిందవ్వా."

కొనలేదు. రొట్టెలు ఉన్నాయి కదా.

బస్సులో

నా పక్క సీట్లో కాశిబుగ్గ నేతామె కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో తువ్వాళ్ళ మూట. భర్త మగ్గం మీద నేస్తే, ఈమె, ఆయన వంతులవారీగా ఊళ్ళు తిరిగి అమ్ముతారట. మామునూరు దాటకముందే నాకు ఎంతమంది పిల్లలో, మా పెద్దాయన ఎప్పుడు పోయాడో అన్నీ అడిగేసింది. అంత అడగడం నాకు నచ్చదు. కానీ కిటికీ పక్క సీటు నాకు ఇచ్చింది, అందుకని చెప్పాను.

"ఇగ ఏడికి పోతానవ్ పెద్దమ్మా?"

ఊరి పేరు చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను. రాయొద్దని వాళ్ళే అన్నారు.

ఆమె మూట సర్దుకుని నా వైపు తిరిగింది. "ఆ ఊరి కిరస్తానోల్ల ఇండ్లకా? మంచోల్లు పెద్దమ్మా. నిరుడు మా ఆయన మూట పట్టుకొని పోయి ఆ ఊర్లనే జరమొచ్చి పడిపోయిండు. ఎవలో తెల్వదు, ఏడోడో తెల్వదు. మంచం మీద ఏసుకొని నాలుగు మైళ్ళు తొర్రూరు దవాఖానకు మోసుకచ్చిండ్రు. నేను పోయేదాంక వంతులేసుకొని కాడ కూసున్నరు. మూటల ఒక్క తువ్వాల పోలె."

"ప్రార్థన చేసి ఉంటరు, అందుకే బతికిండు," అన్నాను.

"చేసిండ్రో లేదో నాకెర్క లేదు. గంజి మాత్రం తాపిండ్రు."

కాసేపయ్యాక ఆమే అడిగింది. "మరి నీది ఏ గుడి?"

మెడ నిక్కించి చెప్పాను.

"ఓ, ఆ రాళ్ళ గుడా! నాకెర్కే. ఆదివారం మా గల్లీల నుంచే పోతరు. తెల్ల చీరెలు ముద్దుగుంటయి."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. ఆమె ఆకు నములుతూ కూర్చుంది.

"ఇంకా?" అన్నాను.

"ఇంకేముంది పెద్దమ్మా? గంట మంచిగ ఇనబడ్తది. గంట ఇని మేం పొయ్యి మీద అన్నం పెడ్తం."

వర్ధన్నపేట వచ్చింది, రాయపర్తి వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి ఏరేసిన చేలు. ఆమె గల్లీ మా గుడికి ఫర్లాంగు దూరం కూడా ఉండదు. నలభై ఏళ్ళుగా మేం ఆ దారినే పోతున్నాం. ఆమెకు మా చీరలు తెలుసు, మా గంట తెలుసు. ఆమె భర్తకు గంజి పోసినవాళ్ళు మాత్రం ముప్పై అయిదు మైళ్ళ అవతల ఉన్నారు. అప్పుడు నాకు సిగ్గు రాలేదు, కోపం వచ్చింది. చదువులేనిది, దీనికేం తెలుసు అనుకున్నాను.

తొర్రూరు

తొర్రూరులో దిగేసరికి ఎండ ముదిరింది. నీళ్ళ సీసా బస్సులోనే మరిచిపోయాను. ఆ సీసాకు అర్ధరూపాయి పెట్టాను, ఇప్పటికీ బాధే. గొంతు ఎండి చాయ్ తాగక తప్పలేదు. ముప్పై పైసలు. మా బస్టాండులో నలభై తీసుకుంటారు, చాయ్ ఇంత చిక్కగా ఉండదు.

హోటలు ఆయన నుదుట విభూతి పెట్టుకున్న మనిషి. ఆ ఊరికి దారి అడగగానే నవ్వాడు.

"మీవోల్లు జర పిస్సోల్లవ్వా."

"పిచ్చోల్లా? ఎందుకయ్యా?"

"సీలయ్య అని ఉన్నడు, వాళ్ళ సంఘం పెద్ద. ఎన్కట నా మీద లొల్లి పెట్టుకున్నడు. చాయల నీళ్ళు పోస్తాన అని నలుగురిల నన్ను దొంగ అన్నడు. పోసిన్నే అనుకో, అది వేరే సంగతి. ఎనిమిదేండ్లాయె, నేను మర్చేపోయిన. మొన్న కార్తీకంల నడుచుకుంట వచ్చి, గీడ్నే, నలుగురున్నప్పుడు చూసి, తప్పయింది అంటడు. ఎందుకయ్యా ఇప్పుడు అంటె, ఆదివారం మాకు బల్ల ఉన్నది, ఎవలతోని ఏమున్నా తెంపుకొని పోయి కూసోవాలె అంటడు. ఇగ నేనేం జేస్త? ఆ పొద్దు సంది ఆయనకు చాయల నీళ్ళు పోస్తలేను."

బల్ల అంటే ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం. మా గుడిలో నెలకొకసారి ఉంటుంది. ఆ ఊళ్ళో పాస్టరు లేడు. ఏడెనిమిది ఊళ్ళకు ఒక్క పాస్టరు, సైకిలు మీద తిరుగుతాడు, మూడు నెలలకు ఒకసారి వాళ్ళ వంతు వస్తుంది. ఆ వంతు ఈ ఆదివారమే.

హోటలు ఆయన మాటలు నాకు నచ్చలేదు. మనసులో దేవుడికి ఒప్పుకుంటే చాలదా? బయటివాళ్ళ ముందు ఇలా పలచన కావడం ఏమిటి? నేర్పవలసిన వాటిలో ఇది కూడా కలుపుకున్నాను.

కాలువ దగ్గర

నాలుగు మైళ్ళూ నడక. పొలాల గట్ల మీద దగ్గర దారి ఉందంటే అటు పోయాను. చిన్న కాలువ అడ్డం వచ్చింది. కాలు జారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాను. చెప్పు తెగింది. నారు వేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు పరుగున వచ్చి చెరో రెక్క పట్టుకుని లాగారు.

"అయ్యో అవ్వా, తెల్ల చీరెతోని పొలానికొస్తరా!"

"పొలానికి రాలేదు. మీటింగుకు పోతాన."

"మీటింగుల కూసోబెడ్తరా గిట్ల పోతె?" అని ఒకటే నవ్వు. నవ్వుకుంటూనే నా కాళ్ళు కడిగారు, చెప్పుకు తుమ్మముల్లు గుచ్చి నడిచేటట్టు చేశారు. మాదిరి చూపించడానికి పోయినదాన్ని ఆ ఊళ్ళోకి ఆ అవతారంతో పోయాను.

శనివారం సాయంత్రం

ముప్పై ఇళ్ళు. గుడి అంటే మట్టి గోడలు, తాటాకు కప్పు. గంట లేదు. రైలు పట్టాముక్క ఒకటి వేపచెట్టుకు వేలాడుతోంది, దాన్ని రాయితో కొడతారు. సీలయ్యకు అరవై దాటాయి, పాలేరు పని చేసిన చేతులు. ఆయన భార్య మరియమ్మ నా చీర విప్పించి తన చీర ఇచ్చి, నాది ఉతకడానికి తీసుకుంది. వద్దన్నా వినలేదు.

గుడి లోపల ఎవరో ఆడమనిషి పేడతో నేల అలుకుతోంది. చూద్దామని గుమ్మం దగ్గరికి పోయాను. ఆమె తల ఎత్తింది. సారమ్మ.

చేతిలో పేడముద్ద అలాగే పట్టుకుని నన్ను గుర్తుపట్టింది. తర్వాత ఆమె, "వందనాలు పెద్దమ్మా," అని మళ్ళీ అలకడంలో పడింది.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. సారమ్మ రెండేళ్ళ కిందటి దాకా మా సంఘంలోనే ఉండేది. భర్త పోయాడు. మార్కెట్టు దగ్గర రైసు మిల్లులో ఊడ్చే పని చేసేది. ఒక ఆదివారం ఆమె వంతు వచ్చి గంగాళం దగ్గరకొచ్చి సంచి విప్పింది. నేను చెయ్యి పెట్టి చూశాను. నూకలు. నడుమ మట్టిబెడ్డలు కూడా ఉన్నాయి. "దేవునికి నూకలా? నూకలు కోళ్ళకు ఏస్తరు," అన్నాను. ఆమె కొంగు పట్టమని, సంచిలోవన్నీ ఆ కొంగులోకే తిరగబోశాను. వెనక నలభై మంది ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. కొందరు నవ్వారు. కొన్ని నూకలు నేల మీద పడ్డాయి. ఆమె కూర్చుని ఒక్కొక్కటే ఏరుకుంది. ఏరుకుంటుంటే నాకు ఏమనిపించిందో కూడా రాస్తున్నాను: ఫరవాలేదు, పొదుపరి మనిషే అనుకున్నాను.

మళ్ళీ ఆమె గుడికి రాలేదు. ఆరు నెలలు చూసి రిజిస్టరులో పేరు కొట్టేయించాం. చెప్పింది నేనే. ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో చూసి రావడానికి మా నలభై మందిలో ఒక్కరం కూడా ఆమె ఇంటి దాకా పోలేదు. ఇది ఆమె తల్లిగారి ఊరని నాకు ఆ రోజు దాకా తెలియదు.

రాత్రి కాకముందే అన్నం పెట్టారు. దోసకాయ పప్పు, పచ్చిపులుసు, వేడి అన్నం. మరియమ్మ, సీలయ్య జొన్న గట్క తింటున్నారు. మా ఇళ్ళలో చుట్టానికి వడ్డించిందే మేమూ తింటాం. ఇక్కడ బియ్యం చుట్టానికే. అన్నం చూస్తే ఒక్క రకం కాదు. తెల్లవి, ఎర్రవి, లావువి, సన్నవి, నడుమ నూకలు. ఎన్ని రకాల బియ్యం కలిపి వండావు అని అడిగితే, "మస్తు ఇండ్లవి పెద్దమ్మా" అని నవ్వి ఊరుకుంది మరియమ్మ.

నేను తెచ్చిన సంచులు తీసి పిడికెడు బియ్యం పద్ధతి చెప్పబోయాను. సీలయ్య శ్రద్ధగా విని, "మంచిదే పెద్దమ్మా. మాకు సంచులు లేవు. ఎవలన్న ఇంటికొచ్చిండ్రంటె తలా పిడికెడు తీస్తరు. గంతే," అన్నాడు.

అప్పుడు చూశాను నా పళ్ళెంలోకి.

ఆదివారం పొద్దున

ఎనిమిదింటికి పాస్టరు వచ్చాడు. కుర్రవాడే, సైకిలు హ్యాండిలుకు నల్ల సంచి. పదిన్నరకల్లా పోవాలని ముందే చెప్పాడు. ఆరు మైళ్ళ అవతల ఇంకో ఊరివాళ్ళు కూడా మూడు నెలలుగా ఎదురుచూస్తున్నారు.

మరియమ్మ చేసిన గోధుమ రొట్టె, ఎండు ద్రాక్ష నానబెట్టి పిసికిన రసం బల్ల మీద పెట్టి తెల్లగుడ్డ కప్పారు. ఆ గుప్పెడు ఎండు ద్రాక్ష కోసం ఒకామె తొర్రూరు దాకా నడిచి పోయి వచ్చిందట. నలభై యాభై మంది నేల మీద కూర్చున్నారు. సారమ్మ గోడ వారగా కూర్చుంది.

నన్ను మాట్లాడమన్నారు. మాదిరి సంఘం అంటే ఎలా ఉండాలో చెప్పడం మొదలుపెట్టాను. టైముకు రావాలి, శుభ్రంగా రావాలి, పిల్లలను కదలనివ్వకూడదు. పన్నెండేళ్ళుగా చెప్తున్న మాటలు, నోటికి వచ్చేస్తాయి. "దేవునికి మంచిది తేవాలి. మనం పారేసేది దేవునికి తేవొద్దు..." అన్నాక నాకు వినపడింది నేనేం అన్నానో. సారమ్మ తల దించుకుని చీర అంచు చూసుకుంటోంది. మిగతా మాటలు ఎలా పూర్తిచేశానో గుర్తు లేదు.

ఆరాధన అయింది. పాస్టరు బల్ల దగ్గర నిలబడ్డాడు. అప్పుడు సీలయ్య లేచాడు. ఇది వాళ్ళ పద్ధతి. రొట్టె విరిచే ముందు సంఘం పెద్ద మూడుసార్లు అడుగుతాడు.

"ఎవలకన్న ఎవల మీదన్న ఏమన్న ఉన్నదా? ఉంటె తెంపుకోన్రి."

ఒకాయన లేచి, పక్కింటాయనతో గట్టు తగువు నిన్ననే అయిపోయిందని చెప్పాడు. పక్కింటాయన, "అయిపోయింది, కోడి కూడా కోసుకున్నం," అన్నాడు. అందరూ నవ్వారు.

రెండోసారి అడిగాడు. నేను సారమ్మ వైపు చూడలేదు. నేను చుట్టాన్ని, నాకు ఈ ప్రశ్న వర్తించదు అనుకున్నాను. ఆమె చెప్పలేదు కదా, ఆమెకు లేనిది నాకెందుకు అని కూడా అనుకున్నాను.

మూడోసారి అడిగాడు.

సారమ్మ లేచింది. నా వైపు చూడలేదు. గుమ్మం దాటి బయటకు పోయి కూర్చుంది.

సీలయ్య రొట్టె మీద గుడ్డ మళ్ళీ కప్పాడు. "కూసుందాం," అన్నాడు. అందరూ కూర్చున్నారు.

పాస్టరు గడియారం చూసుకున్నాడు. "తాతా, మనసు నిమ్మళంగా ఉన్నోళ్ళకు ఇచ్చి పోనా?"

"ఎట్లయితదయ్యా? అందరికి ఒక్కటే రొట్టె. ఒకలు బయట కూసుంటె మేమెట్ల తింటం?"

ఎవరూ గొణగలేదు. ఎవరి గురించి అని ఎవరూ అడగలేదు. ముసలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. పసిపిల్ల ఒకతె ఏడిస్తే తల్లి పాలిచ్చింది. నాకు తెలుసు. లేచి రెండు మాటలు అంటే అయిపోతుందని తెలుసు. కానీ వరంగల్ నుంచి మాదిరి చెప్పడానికి వచ్చినదాన్ని, ఇప్పుడే అరగంట చెప్పినదాన్ని, ఇక్కడ లేస్తే ఆ మాట మా ఊరు చేరుతుంది. నా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎంతసేపు అంటే, పాస్టరు మూడుసార్లు గడియారం చూసేంతసేపు.

పదిన్నర దాటింది. పాస్టరు ప్రార్థన చేసి, "ఆ ఊరోళ్ళు కూడ ఎదురుచూస్తాంటరు తాతా," అని సైకిలెక్కాడు. సైకిలు గట్టు దాటేదాకా అందరూ చూశారు.

మూడు నెలలు ఎదురుచూసిన బల్ల ఆ రోజు వాళ్ళకు లేకుండా పోయింది. సీలయ్య పిల్లలను పిలిచి, ఇంకా ఆశీర్వదించని ఆ రొట్టె తుంచి పెట్టి, ద్రాక్షరసం తలా గుక్కెడు పోశాడు. పిల్లలు మూతులు నాక్కుంటూ మళ్ళీ మళ్ళీ అడిగారు. తొర్రూరు దాకా నడిచిపోయి తెచ్చినామె వాళ్ళను చూసి నవ్వుతోంది.

అప్పుడు లేచాను. లేవడం కూడా ఆలస్యంగా లేచాను.

"సీలయ్యా, సారమ్మ బయటికి పోయింది నా వల్లనే."

"మాకెర్కే పెద్దమ్మా."

"ఎప్పటి నుంచి?"

"నిన్న నువ్వొచ్చినప్పటి సంది. సారమ్మ మా ఇంట్ల చెప్పింది."

"తెలిసి అన్నం పెట్టిండ్రా?"

"అన్నానికి దానికి ఏం సంబంధం?" అన్నాడు ఆయన, నిజంగానే అర్థం కానట్టు. "ఆ బియ్యంల సారమ్మది కూడ ఒక పిడికెడు ఉండె."

రోలు దగ్గర

సారమ్మ గుడి వెనక రోలు మీద కూర్చుని ఉంది. నేను నిలబడ్డాను. కూర్చోమని ఆమె అనలేదు.

"లోపల చెప్పొచ్చు గదా సారమ్మా, ఫలానిదని."

"నిన్ను నలుగురిల నిలబెట్టమంటవా? అది నాకు చేతగాదు."

"అయితె లేదు అనొచ్చు గదా."

"అబద్ధం ఎట్లాడ్త? మాఫ్ చేసిన అని రెండేండ్ల సంది ప్రార్థన చేస్తనే ఉన్న. అయినట్టే ఉంటది. నిన్న నిన్ను చూస్తె కాలేదని తెలిసింది. ఆ పొద్దు ఇంటికి పోయి అవ్వే నూకలు వండుకున్న పెద్దమ్మా. మిల్లుల కూలి కింద అవ్వే ఇస్తుండె. నేను తినేటివే దేవునికి తెచ్చిన. నువ్వు కోళ్ళకు అన్నంక గొంతు దిగలె."

వయసులో ఆమెకు తల్లినంత ఉంటాను. రెండు చేతులు జోడించాను. "తప్పయింది సారమ్మా. మాఫ్ చెయ్యి."

ఆమె నా చేతులు పట్టుకుని కిందికి దించింది. విదిలించినట్టు కాదు, మెత్తగా. కానీ తల అడ్డంగా ఊపింది.

"గీ రోలు కాడ చెప్తె ఎవలు విన్నరు? నలభై మంది ముందట పోసినవ్. ఆడ్నే చెప్పు."

"చెప్తె నీకు నిమ్మళమైతదా?"

"నా సంగతి నేను చూసుకుంట. నేనైతె ఈడికొచ్చి పడ్డ. ఆడ ఇంక నూకలు తినేటోల్లు లేరనుకున్నవా?"

మధ్యాహ్నం బస్సుకు పోతానంటే మరియమ్మ అన్నం తినకుండా పోనియ్యలేదు. చీర ఉతికి, మడతపెట్టి ఇచ్చింది. ఆ పాతిక సంచులు అక్కడ ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. వెనక్కి తెచ్చుకున్నాను.

మళ్ళీ వరంగల్

వచ్చిన తర్వాత మొదటి ఆదివారం గంగాళం పక్కన ఎప్పటిలాగే నిలబడ్డాను. ఎలా జరిగింది ప్రయాణం అని అడిగినవాళ్ళందరికీ, బాగా జరిగిందన్నాను. పల్లెవాళ్ళు నేర్చుకున్నారా అంటే, ఊ అన్నాను. ఇది రెండో తప్పు, మొదటిదానికన్నా చిన్నదేమీ కాదు. ఆ వారమంతా అన్నం సహించలేదు.

రెండో ఆదివారం ఆడవాళ్ళందరూ బియ్యం పోసి కూర్చున్నాక, గంగాళం అంచు పట్టుకుని చెప్పాను. అరిచి చెప్పలేదు, కానీ చివరి బెంచీకి వినపడేటట్టు చెప్పాను.

"రెండేండ్ల కింద సారమ్మ తెచ్చిన నూకలు ఈడ్నే ఆమె కొంగుల తిరగబోసిన. మీరందరు చూసిండ్రు. అవి ఆమెకు మిల్లుల ఇచ్చిన కూలి. అవ్వే తిన్నది, అవ్వే తెచ్చింది. తర్వాత పేరు కొట్టేయించింది కూడ నేనే. తప్పు నాది. మొన్న ఆ ఊర్ల నా వల్ల సంఘం మొత్తానికి బల్ల ఆగిపోయింది. ఒక్కలు కూడ నన్ను ఒక్క మాట అనలె. నేను నేర్పడానికి పోయిన. నేర్పింది ఏం లేదు."

పాస్టరుగారి భార్య మంచి మనసుతోనే, "పోనీయండి పెద్దమ్మా, పాత సంగతులు. ప్రార్థన చేసుకుందాం," అంది. అందరూ తలలు వంచారు. మా దగ్గర అదొక అలవాటు. మాట ఇరుకున పెడితే ప్రార్థన చేసేస్తాం.

నేను వంచలేదు.

"ప్రార్థన తర్వాత. ముందు ఇది చెప్పున్రి. మీల ఎవలకన్న నా మీద ఏమన్న ఉన్నదా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండోసారి అడిగాను. ఎవరో దగ్గారు. మూడోసారి అడిగినప్పుడు తలుపు దగ్గర వరసలో నుంచి దీనమ్మ లేచింది. మార్కెట్టు హమాలీ భార్య. అన్నేళ్ళుగా ప్రతి ఆదివారం చూస్తున్నాను, ఆమెతో పది మాటలు మాట్లాడి ఉండను.

"నాకున్నది పెద్దమ్మా."

"చెప్పు బిడ్డా."

"ఆ పొద్దు సారమ్మ వెనుక ఉన్నది నేనే. నా సంచిల కూడ నూకలే ఉండె. కొంగు కింద దాసుకొని ఇంటికి పోయిన. అప్పటి సంది ఆదివారం ఆదివారం దుకాణంల మంచి బియ్యం పావు కిలో కొనుక్కొస్తాన. పిల్లలకు నూకలు వండి పెట్టి, మంచియి ఈడ పోస్తాన."

గంగాళంలోని బియ్యం చూశాను. దాన్నిండా ఉన్నాయి, తెల్లగా, ఒక్క నూక లేకుండా.

దీనమ్మ ఇంకా నిలబడే ఉంది. రెండో వరసలో బెంచీ కిర్రుమంది. ఇంకొకామె లేస్తోంది.